అరువు గొంతు

మా బడికి వీడియో కెమెరా వచ్చింది 2007లో. బంటుమిల్లి అవతల రొయ్యల చెరువుల మధ్య మాది ఇద్దరు టీచర్ల బడి. అరచేతిలో పట్టే ఆ డిజిటల్ కెమెరా మండలం మొత్తానికి ఒకటే. రెండు నెలలు మా వంతు. పిల్లలు చదువుతుంటే తీయాలి, తీసింది వాళ్లకే చూపించాలి, తప్పులు వాళ్లే పట్టుకోవాలి అని ట్రైనింగులో చెప్పారు. నేను నమ్మలేదు. సుద్దముక్కలకే దిక్కులేని బడికి ఇదొకటి తక్కువైందా అనుకున్నాను.

నమ్మించింది నాంచారమ్మ. మూడో తరగతి. తండ్రి చెరువు గట్టు మీద కాపలా ఉంటాడు. రెండేళ్లుగా ఆ పిల్ల బళ్లో నోరు విప్పలేదు. చదవమంటే తల వంచుకుని గౌను అంచు నలిపేది. అలాంటిది, కెమెరాలో పక్కపిల్లని చూసి తనంతట తానే నా దగ్గరికి వచ్చింది.

"నన్ను కూడా తీస్తారా టీచర్ గారూ?"

"చదివితే తీస్తాను."

చీపురుపుల్ల అక్షరాల కింద జరుపుతూ, కూడబలుక్కుంటూ, మూడు రోజుల్లో ఒక వాక్యం చదివింది. చూపిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నా గొంతేనా అండీ?" అంది. పదిసార్లు వేయించుకుంది. తప్పు చదివిన చోట తనే ఆపమని, మళ్లీ పుస్తకం తీసింది. నెల తిరిగేసరికి పేజీ చదివింది. ఆగి ఆగి చదివినా, తన నోటితో చదివింది. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో నేను అంత సంతోషపడ్డ రోజు లేదు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. మచిలీపట్నంలో అధికారులకు చూపించడానికి మండలానికొక సీడీ కావాలన్నారు, బాగున్నదానికి బహుమతి కూడా ఇస్తామన్నారు. మా హెడ్మాస్టరు పూర్ణచంద్రరావు గారు గుడివాడ నుంచి పెళ్లి వీడియోలు తీసే యుగంధర్‌ని పిలిపించారు. నాంచారమ్మ తలకు నూనె రాసుకుని, రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. పేజీ అంతా చదివింది.

యుగంధర్ పెదవి విరిచాడు. "మరీ నత్తనడకండీ. పైగా చెరువు మోటార్ల రొద. పిల్ల మొహం బాగుంది, అది ఉంచేద్దాం. గొంతు మా అక్కకూతురిది వేస్తాను, కాన్వెంట్లో చదువుతోంది. పెళ్లిలో పంతులు గారి మంత్రం సరిగ్గా వినపడకపోతే క్యాసెట్లో మంత్రం వేసేస్తాం కదండీ, ఇదీ అంతే."

హెడ్మాస్టరు గారు నా వైపు తిరిగారు. "ఏమంటారు విజయకుమారి గారూ? బడికి పేరొస్తుంది."

నేను వద్దనలేదు. ఆయన మీదకి తోసేయడం తేలికే గానీ, వేదిక మీద నా పేరు పిలుస్తారన్న ఆశ నాకూ ఉంది. సిగ్గులేని ఆశ.

బహుమతి వచ్చింది. మా ఇద్దరికీ శాలువాలు కప్పారు. ఆ వారమే టీవీ తెప్పించి బళ్లో సీడీ వేశాం. నాంచారమ్మ ముందు వరుసలో కూర్చుంది. వాళ్లమ్మ పని మానుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. తెర మీద నాంచారమ్మ పెదాలు కదిలాయి. ఎవరిదో తియ్యటి గొంతు గడగడా చదివేసింది. పెదాలు కలవని చోట యుగంధర్ పుస్తకం బొమ్మ వేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఎంత బాగా చదివిందండీ మా పిల్ల," అని వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. నాంచారమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను టీవీ వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పాఠం చదవమన్నాను. లేచి నిలబడింది. చీపురుపుల్ల అక్షరాల కింద సరిగ్గానే నడుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. శబ్దం మాత్రం లేదు.

"గట్టిగా చదవమ్మా."

పెదాలు ఇంకాస్త పెద్దగా కదిపింది.

"గొంతేదే?"

"అది మీరు వేస్తారుగా అండీ," అంది.

వెక్కిరిస్తోందేమోనని మొహంలోకి చూశాను. ఆ పిల్లకి వెక్కిరించడం తెలియదు. పేజీ చివరిదాకా పుల్ల జరిపి, పుస్తకం మూసి, బాగా చదివానా అన్నట్టు నా వైపు చూసింది.