ఐస్ పెట్టెలో మందు

నేను నెమ్మదస్తురాలినని ఎవరూ అనరు. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే దురుసు. బట్టలు కుట్టించుకోడానికి వచ్చేవాళ్ళు కూడా కొలతలిచ్చి గబగబా వెళ్ళిపోతారు.

నా కూతురికి పదకొండేళ్ళు. షుగరు. రెండేళ్ళుగా రెండు పూటలా నేనే ఇన్సులిన్ పొడుస్తున్నాను. మాకు ఫ్రిజ్ లేదు. "మట్టికుండలో పెట్టి తడిగుడ్డ చుట్టు, చాలు" అని ఆస్పత్రి నర్సమ్మ చెప్పింది. అలాగే చేశాను. ఈ ఏడు ఎండలు చూశాక మాత్రం భయం పట్టుకుంది. రేకుల కప్పు కింద ఆ కుండ ఏపాటి? కొత్త సీసా తీసుకెళ్ళి కూల్‌డ్రింకుల కొట్టాయన చేతిలో పెట్టి, "అన్నయ్యా, బాగా చల్లగా ఉండేచోట పెట్టు" అన్నాను. పాపం, ఐస్‌క్రీముల అడుగున పెట్టాడు. పూటపూటకీ తెచ్చుకుని, గడ్డ కరిగాక పొడిచేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండానే పిల్ల బిందెలకి బిందెలు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. బడినుంచి రాగానే చాప మీద వాలిపోయేది.

"ఏం తిన్నావే?" అని నిలదీశాను.

"ఏం తినలేదమ్మా."

"మరి షుగరు ఊరికే పెరుగుతుందా?" అని రెండు తగిలించాను. పుస్తకాల సంచి బోర్లించాను. నోరు తెరవమని వాసన చూశాను. మగ్గిన పండు వాసన. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాను. మళ్ళీ కొట్టాను.

మర్నాడు పొద్దున్నే వాంతులు, ఆయాసం. తర్వాత పిలిస్తే పలకలేదు. మిషను మీద బట్ట అలాగే వదిలేసి, పిల్లని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాను.

మందు ఎక్కడ పెట్టావని నర్సమ్మ అడిగింది. చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది.

"గడ్డ కట్టాక అది పనిచెయ్యదమ్మా. ఒట్టి నీళ్ళు పొడిచినట్టే."

"మరి నోట్లో పండు వాసన?"

"తిన్నందుకు కాదు. మందు అందక ఒళ్ళు విషమైతే వచ్చే వాసన అది."

బతుకుతుందా అని అడిగితే, "చూద్దాం" అంది. దానికేమైనా అయితే నేనే చంపినదాన్ని. సెలైన్ చుక్కలు చూస్తూ మంచం పక్కనే కూర్చున్నాను.

సాయంత్రానికి కళ్ళు తెరిచింది. నుదురు నిమురుదామని చెయ్యి చాపాను. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, "ఇంకెప్పుడూ తిననమ్మా" అంది.