గరాటుగారి రాయబారం

దర్జీకీ ఆయన అత్తగారికీ మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే గిన్నెలోంచి కూర వడ్డించుకుంటారు, కానీ మాట్లాడుకోరు. గొడవ ఒక ఉన్నికోటు దగ్గర వచ్చింది. ఆయనే కొలతలు తీసి, ఆయనే కుట్టి ఇచ్చాడు. ఆవిడ తొడుక్కుంటే బొత్తాలు పడలేదు.

“కొలత తప్పినట్టుంది అల్లుడుగారూ” అంది.

“కొలత తప్పలేదండీ. కొలత తీశాక మనిషి పెరగడం ఆగలేదు” అన్నాడాయన.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. అప్పటినుంచి ఇద్దరి మధ్యా కబుర్లు మోసే పని ఆయన భార్య నెత్తిన పడింది.

“అమ్మాయ్, ఆ టీవీ గోల కాస్త తగ్గించమని చెప్పు.”

“అది టీవీ కాదు, నా కుట్టుమిషనని మీ అమ్మగారికి చెప్పు.”

భార్య పళ్లడాక్టరు దగ్గర నర్సు. పగలంతా ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపించి, సాయంత్రం ఇంటికొచ్చి ఈ ఇద్దరికీ నోరై పనిచేసేది. అన్నం ముందు కూర్చుంటే అటు ఒకమాట, ఇటు ఒకమాట చేరవేసేసరికి ముద్ద చేతిలోనే ఎండిపోయేది.

అలాంటి ఇంటికి భార్య ఒకరోజు కుక్కను తెచ్చింది. గోధుమరంగు మగకుక్క. స్కూటరు గుద్ది వెనక కుడికాలు విరిగింది. ఆ కాలికి పిండికట్టు, కట్టు కొరక్కుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు. ఆ గరాటులోంచి లోకమంతా తనకు బాకీ ఉన్నట్టు చూస్తోంది.

“కాలు బాగయ్యేదాకానే. వీధికుక్కల షెల్టరు నిండిపోయింది. ఆ తోపులాటలో ఎముక అతకదట” అంది భార్య.

“జనం బట్టలు కుట్టే ఇల్లిది. కోట్ల నిండా బొచ్చు పడితే ఎవడొస్తాడు?” అన్నాడు దర్జీ.

“ఇంట్లో ఉన్న గోల చాలకనా?” అంది అత్తగారు.

ఇద్దరూ ఒకే మాట మీద నిలబడేసరికి తామే ఉలిక్కిపడి ఒకరినొకరు చూసుకున్నారు. ఆ సందులో భార్య కుక్కను లోపలికి తెచ్చేసింది. మెట్లు ఎక్కనివ్వొద్దు, దిగనివ్వొద్దు, ఎత్తుకునే తీసుకెళ్లాలి అని చెప్పి, మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయింది. ఇల్లేమో మూడో అంతస్తు. లిఫ్టు లేదు.

దర్జీ ఒక బ్యాంకు ఆఫీసరుకు ప్యాంటు ట్రయల్ వేస్తున్నాడు. గరాటు (అప్పటికే అందరూ దాన్నలా పిలుస్తున్నారు) తలుపు దగ్గరికెళ్లి మూలగసాగింది. సంగతి అర్థమై దర్జీ వంగి ఎత్తబోయాడు. అది బియ్యం బస్తాలా బరువు. ముందుభాగం ఎత్తితే వెనకభాగం జారింది, వెనకభాగం పడితే మెడలోని ప్లాస్టిక్ వచ్చి ముక్కుకు తగిలింది.

“నేనొక చెయ్యి వేసేవాణ్ణే, కానీ వంగితే గుచ్చుకుంటున్నాయండీ” అన్నాడు గుండుసూదుల ప్యాంటులో కొయ్యబొమ్మలా నిలబడ్డ ఆఫీసరు.

వంటింట్లోంచి అత్తగారు తువ్వాలుతో వచ్చింది. అల్లుడి వైపు చూడలేదు. కుక్కతో చెప్పింది.

“ఒరేయ్, ఈ తువ్వాలు నీ పొట్ట కింద వేసి వెనకవైపు నేను పడతా. ముందువైపు పట్టేవాళ్లకి చెప్పు, మెట్ల మీద గుర్రంలా ఉరకొద్దని.”

దర్జీ గొంతు సవరించుకున్నాడు. “గరాటూ, నాకు మెట్లు కొత్తకాదని మీ అమ్మమ్మగారికి చెప్పు.”

“అమ్మమ్మేంటి? కుక్కకి నేను అమ్మమ్మనా?” అని గయ్యిమన్న ఆవిడ, ఎవరితో అంటోందో గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. “అని అడగరా” అంది కుక్కతో.

అలా మొదలైంది. రోజూ దింపడం, ఎక్కించడం. దారి పొడుగునా గరాటు పేరుమీద మాటలే. మెట్ల మలుపులో ఒకరోజు కింది ఇంటావిడ తలుపు తీసి, “ఎవరితో మాట్లాడుతున్నారండీ?” అనడిగింది. “కుక్కతో” అన్నారిద్దరూ ఒకేసారి. ఆవిడ తలుపు వేసి గడియ కూడా పెట్టుకుంది.

మెట్ల మీది మాటలు ఇంట్లోకీ వచ్చాయి. కత్తెరకు సాన ఎలా పట్టాలో ఆయన గరాటుకు నేర్పేవాడు. బొత్తాలు కుట్టడానికి తన కంటిచూపు ఇంకా పనికొస్తుందని ఆవిడ గరాటుకు చెప్పేది, వెంటనే ఒక చొక్కా గరాటు ముందుకొచ్చి పడేది.

ఒక మధ్యాహ్నం దాని తల నిమురుతూ, “మీ తాతగారు పోయాక నాకు ఒళ్లొచ్చింది రా. ఎప్పటి అలవాటో, ఇద్దరికి వండేదాన్ని. పారెయ్యబుద్ధి కాక ఆయన వంతూ నేనే తినేదాన్ని” అంది.

మిషను చప్పుడు ఆగింది.

“గరాటూ, నాకా సంగతి తెలీదని చెప్పు. తెలిస్తే అలా అనేవాణ్ణి కాదని కూడా చెప్పు” అన్నాడు దర్జీ.

గరాటు తోక ఆడించింది. ఆవిడ లేచి కళ్లు తుడుచుకుని, ఆయనకు టీ తెచ్చి కుక్క పక్కన పెట్టింది.

పిండికట్టు విప్పారు, మెడలో గరాటూ తీసేశారు. పేరు మాత్రం పోలేదు. “ఎముక ఉక్కులా ఉంది, ఇక నడిపించండి” అన్నాడు పశువుల డాక్టరు. ఇంటికి రాగానే గరాటు కుంటడం మొదలుపెట్టింది. అయ్యోపాపం అని మళ్లీ తువ్వాలు తీశారు.

ఒకరోజు కిటికీలో పావురం వాలింది. గరాటు నాలుగు కాళ్లూ గాలిలో లేపి సోఫా మీదనుంచి కిటికీకి ఒక్క దూకు దూకింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో దర్జీ! వెంటనే కాలు పైకెత్తి దీనంగా మొహం పెట్టింది. ఎత్తింది ఎడమకాలు.

దర్జీ చూడనట్టే వెళ్లి మిషను ముందు కూర్చున్నాడు. కాసేపటికి అత్తగారు తువ్వాలు తెచ్చి, ఎత్తిన కాలు చూసి, దాని చెవిలో రహస్యంగా, “కుడికాలు కదరా వెధవా” అంది. దర్జీ అదీ విననట్టే ముందువైపు పట్టుకున్నాడు.

ఒకరోజు భార్య పెందరాళే వచ్చింది. పట్టపురాణిని పల్లకిలో తెస్తున్నట్టు గరాటును మోసుకొస్తూ మెట్ల మీద ఇద్దరూ ఎదురయ్యారు.

“డాక్టరు నడిపించమన్నాడుగా?”

“నొప్పి ఉందంటున్నాడే” అంది తల్లి.

“ఎవరు?”

ఇద్దరూ గబగబా మెట్లెక్కేశారు. భార్య అనుమానంతో షెల్టరుకు ఫోను చేసింది. కుక్క బాగయిందంటే పెంచుకునేవాళ్లు సిద్ధంగా ఉన్నారన్నారు వాళ్లు. ఆదివారం ఒక బేకరీ ఆయన వచ్చాడు. ఆయనది మెట్లు లేని ఇల్లు, పెద్ద పెరడు, మనిషి నిండా బ్రెడ్డు వాసన.

“దీనికేమైనా అలవాట్లున్నాయా అండీ?” అనడిగాడు.

“కుడివైపు తిప్పి పడుకోబెట్టాలి” అంది అత్తగారు.

“కాదండీ అత్తయ్యగారూ, ఎడమవైపు.”

“రోజంతా చూసేదాన్ని, నాకు తెలీదా?”

“మీరు వంటింట్లో ఉంటారు. అది పడుకునేది నా మిషను కింద!”

“మీరు మిషను మీదనుంచి తలెత్తితేగా అల్లుడుగారూ, కింద ఏముందో తెలిసేది!”

బేకరీ ఆయన కంగారుపడి భార్య వైపు తిరిగాడు. “వీళ్లెప్పుడూ ఇలాగే కొట్లాడుకుంటారా అమ్మా?”

“లేదండీ, ఇదే మొదలు” అంది ఆవిడ. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఈలోపు గరాటు బేకరీ ఆయన ప్యాంటు జేబు వాసన చూసి, అందులో రస్కు ఉందని తేల్చుకుని, ఆయన వెంట మెట్లు దిగిపోయింది. నాలుగు కాళ్లతో, టకటకా. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

అత్తా అల్లుడూ మెట్ల పైన కొయ్యబారిపోయారు.

“దొంగవెధవ. ఎలా దిగాడో చూశారా?” అంది ఆవిడ, ముక్కు చీదుకుంటూ.

“చూశాను. పావురం వాలిన రోజునుంచీ చూస్తున్నాను.”

“మరి చెప్పలేదేం?”

“మీరు చెప్పారా?”

ఆవిడకు నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది. ఆ నవ్వు అన్నాల వేళదాకానే నిలిచింది. ఇన్నాళ్లూ ఎక్కువ బరువు మోసింది ఎవరన్న దానిమీద కంచాల ముందే వాదన లేచింది. బరువంతా ముందువైపే అని ఆయన. తిన్నదంతా వెనకవైపే చేరుతుందని ఆవిడ.

భార్య అలవాటుకొద్దీ ఇటు మాట అటు చెప్పడానికి నోరు తెరిచింది. ఆవిడ వైపు ఎవరూ చూడటం లేదు. కంచం తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. లోపల కేకలకు ఇంటికప్పు ఎగిరిపోతోంది. ఆవిడ కూర కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. వేడికి నాలిక చురుక్కుమంది. ఊదుకుంటూ, హాయిగా, ఇంకో ముద్ద పెట్టుకుంది.