ఐదోవంతు బల్ల

బల్ల తుడుస్తుంటే సుద్దగీత మళ్లీ చెరిగింది. "అమ్మాయ్, గీత జాగ్రత్త!" అన్నారు మామగారు, పేపర్లోంచి తలెత్తకుండానే. ఆమెకు ఒళ్లు మండింది. తుడవమనేదీ వీళ్లే, చెరపొద్దనేదీ వీళ్లే.

ఆ బల్ల ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్నది. బళ్లో లెక్కల టీచరు కదా, పేపర్లు దిద్దుకోవాలి. పైగా ఇప్పుడు నెల తిరిగేసరికి హెడ్‌మిస్ట్రెస్ పరీక్ష, దానికి చదువుకోవాలి. పెళ్లవగానే భర్త దాని మీద కంప్యూటర్ పెట్టి "సగం నీది, సగం నాది" అన్నాడు, అదేదో తనే కొనిచ్చినట్టు. కూతురు బడికెళ్లాక మూడోవంతయింది. మామగారు వచ్చాక పావు. ఆయన సర్వేయరుగా రిటైరయ్యారు, ఇల్లు కూడా పొలమే అనుకుంటారు. టేపు పెట్టి కొలిచి, సుద్దతో హద్దులు గీసి, "మా ఇంట్లో అందరికీ సమానం" అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. ఇప్పుడు ఉద్యోగం మారి మరిది దిగాడు, ప్రింటరుతో సహా.

"కాస్త సర్దుకో" అన్నాడు భర్త. "పావు కాస్తా ఐదోవంతు అవుతుంది. ఎంత తేడా, నాలుగు వేళ్ల మేర! దానిక్కూడా మొహం మాడ్చుకోవాలా?"

పొద్దున ఆరో తరగతికి ఆమె చెప్పిన పాఠమే అది. సగానికీ మూడోవంతుకీ తేడా ఆరోవంతు. మూడోవంతుకీ పావుకీ పన్నెండోవంతు. పావుకీ ఐదోవంతుకీ ఇరవయ్యోవంతు. పోనుపోను తేడా చిన్నదవుతుంది, అడిగేవాడికి మొహమాటం పోతుంది. ఆరోవంతు పోయినప్పుడు పోట్లాడింది. పన్నెండోవంతుకి సణిగింది. ఇరవయ్యోవంతుకి నోరు తెరిస్తే గయ్యాళి అంటారు. ఛీ, ఇదేం లెక్క! పోయేది కొంచెమే అంటారు గానీ మిగిలేది ఎంతో ఒక్కడూ చూడడే! ఆ మిగిలిన ముక్కలో పుస్తకం తెరిస్తే రెండో పేజీ మరిది హద్దులో పడుతోంది.

"వదినా, మీ పుస్తకం నా ప్రింటరు మీదకొస్తోంది" అన్నాడు మరిది, నవ్వుతూనే.

"టీ ఏమైంది?" భర్త.

"అమ్మా, ఆకలి!" కూతురు.

"అమ్మాయ్, మాత్ర వేసుకోవాలి, కాసిని వేడినీళ్లు" మామగారు.

ఆమె వంటింటి వైపు చూసింది. గట్టు మీద గానీ, పొయ్యి దగ్గర గానీ, అంట్ల తొట్టి దగ్గర గానీ ఒక్క హద్దూ లేదు. ఇన్నేళ్లుగా అదంతా తనదే. టేపు అటువైపు ఎన్నడూ పోలేదు.

"మామయ్యగారూ, మన ఇంట్లో అందరికీ సమానమే కదా?"

"అందులో సందేహమేంటమ్మా!"

"అయితే బల్ల మీద ఐదోవంతుకి ఒప్పుకుంటాను. వంటింట్లో కూడా ఇవాళ్టి నుంచి నాది ఐదోవంతే. మిగతా నాలుగు వంతులూ మీరు నలుగురూ పంచుకోండి."

మరిది నవ్వబోయి ఆగిపోయాడు. మామగారు పేపరు మడిచారు.

"ఏంటీ వేళాకోళం?" అన్నాడు భర్త. "మొత్తం చేసే మనిషివి ఒక్కసారిగా ఐదోవంతుకి దిగిపోతే ఎలా? కావాలంటే మెల్లమెల్లగా తగ్గించుకో."

"మెల్లమెల్లగా తగ్గితే తెలియదండీ" అంది ఆమె, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "మీకు తెలియాలి."