పై గ్యాలరీ ఈల

మా ఆయన ఎర్మెస్‌కి రెండే పనులు. పగలు గోదాములో జున్ను చక్రాలను చిన్న సుత్తితో తట్టి, లోపల బొక్కలుంటే చెవితోనే పట్టేస్తాడు. సాయంత్రాలు సంగీత నాటకాలాడే ఒపేరా హాలు పై గ్యాలరీలో కూర్చుని, అపస్వరం పాడినవాళ్లని ఈల వేసి ఏడిపిస్తాడు. ఇటలీలో మా ఊరు పార్మాకి పాడడానికి వచ్చేవాళ్లు మా మేయరు కన్నా మా ఆయన నోటికే ఎక్కువ భయపడతారు.

మా పై గ్యాలరీకో పద్ధతుంది. ఈల పడిందంటే తిట్టినట్టే గానీ, పాడే మనిషిగా లెక్కలోకి తీసుకున్నట్టు కూడా. లెక్కలోనే లేని మనిషైతే ఎవరూ నోరెత్తరు. ఆ మౌనం తిన్నవాళ్లు మళ్లీ మా ఊరు రాలేదు.

అలాంటి చోట మా అమ్మాయి నీవెస్ పాడాల్సి వచ్చింది. విషం తాగి చచ్చిపోయే రాణి పాత్ర. అసలు పాడాల్సినావిడకి గొంతు పట్టేసింది. స్టేజీకి మరమ్మతులని ఈసారి వేషాల్లేవు, తెరల్లేవు. అందరూ నల్లబట్టలేసుకుని, కాగితాలు ముందు పెట్టుకుని వరసగా నిలబడి పాడేయడమే. విషానికి గిన్నె కూడా ఇవ్వరట. చావడం కూడా నిలబడే చావాలి.

"ఇదిగో, ఈల వేశావో, ఇంట్లో పొయ్యి వెలగదు" అన్నాను మెట్లెక్కుతూ.

"పిల్ల బాగా పాడితే నాకేం పని?"

"పాడకపోతే?"

ఎర్మెస్ చేతులు కోటు జేబుల్లోకి దోపుకున్నాడు.

మొదటి అంకం హాయిగా గడిచింది. రెండో అంకంలో పై స్వరం అందుకోబోయి పిల్ల గొంతు జీరపోయింది. గ్యాలరీ అంతా తల తిప్పి మా ఆయన్ని చూసింది. ఒక్కరూ ఈల వేయలేదు. ఎవరు తుమ్మినా ఈల వేసే పక్క బెంచీ ఫెర్రుచ్చో కూడా మర్యాదకి మింగేశాడు.

నీవెస్ తలెత్తి పైకి చూసింది. ఈ ఊళ్లో పుట్టిన పిల్ల, ఆ మౌనం ఏమిటో దానికి తెలియదా? ముఖం పాలిపోయింది. తరవాతి చరణం పెదవి దాటడం లేదు.

"పాపం అనుకుంటున్నారు" అన్నాడు ఎర్మెస్ పళ్లు కొరుకుతూ. "నా కూతుర్ని పట్టుకుని పాపం అనుకుంటారా!"

వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. దీపాలు ఆరిపోతాయనుకున్నాను. ఆ వెంటనే గ్యాలరీ మొత్తం అందుకుంది. నేను చేతిసంచితో ఆయన వీపు మీద ఒక్కటిచ్చాను.

కింద మా పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుంది. రాణీ లేదు, గీణీ లేదు, అచ్చం వంటింట్లో తండ్రితో పోట్లాడే నీవెస్. మళ్లీ మొదలుపెట్టమని వాద్యబృందానికి సైగ చేసి, అదే పాట ఎత్తుకుంది. ఈసారి ఆ స్వరం ఖంగుమంది. ఫెర్రుచ్చో బెంచీ ఎక్కి నిలబడ్డాడు.

అంతా అయ్యాక నీవెస్ పరుగున పైకొచ్చింది.

"మొదటి ఈల నీదేగా, నాన్నా?"

"నాదే."

"బతికించావు" అంది. అంతలోనే కళ్లు చిన్నవి చేసింది. "చచ్చిపోయేటప్పుడు కూడా ఒకచోట తప్పాను. అక్కడ వేయలేదేం? జాలిపడ్డావా?"

"వేద్దామనే వేళ్లు పెట్టానమ్మా" అన్నాడు ఎర్మెస్. "ఏడుస్తుంటే ఈల ఎలా వస్తుందే?"