కొత్త వల మొక్కు

గోలుస్తంభానికి చివరి ముడి బిగించి పైడన్న రెండడుగులు వెనక్కి జరిగి చూశాడు. వల ఒక పక్కకి జారినట్టనిపించింది. మళ్లీ వెళ్లి ఆ ముడి విప్పి, తాడు పంటితో లాగి, కాస్త పైకి కట్టాడు. యాభై దాటిన మనిషి. పొట్టివాడే గాని భుజాలు వెడల్పు. తాళ్లు కోసిన గాట్లు అరచేతుల్లో నల్లగా మిగిలిపోయాయి. ఎడమ కంట్లో పువ్వు వేసింది. ఎవరితో మాట్లాడినా వాళ్ల మొహం చూడడు, భుజం మీదుగా ఎక్కడో దూరానికి చూస్తాడు.

వల కుదిరాక మొలలోంచి పొట్లం తీశాడు. వల అడుగున ఉన్న తాడుకి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, మూలని వేపరెమ్మ దోపాడు. తడిసిన ఎర్రమట్టిలో మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా గంగమ్మ తల్లీ, వల నిండాల. కాళీగా రాకూడదు."

అవతలి గోలు దగ్గరికి నడిచి వెళ్లి, అక్కడా అదే చేసి, అదే మాట అన్నాడు. సముద్రం ఒడ్డున ఉన్న తన ఊరు చమఖండిలో కొత్త వల ఏది అల్లినా వాళ్ల తాతల నాటి నుంచీ ఇదే మొక్కు. మొక్కు లేని వలని ముట్టుకోరు. వల అల్లాడు గనక మొక్కాడు, అంతే. ఆలోచించి చేసిన పని కాదు.

గంజాం కొత్తగా ఒరిస్సాలో కలిసిన రోజులవి. ఆఫీసుల్లో తమ మాట మునుపటిలా చెల్లడం లేదని బరంపురం బడా బజార్ తెలుగు వర్తకులకి బెంగ పట్టుకుంది. ఆఫీసులో చెల్లకపోతే మైదానంలో చెల్లించుకుందామన్నాడు ధర్మలింగం. బట్టల టోకు వ్యాపారి, వర్తకుల ఫుట్‌బాల్ క్లబ్బుకి ప్రెసిడెంటు. అన్నదే తడవు కలకత్తా నుంచి ఆటగాళ్లు దిగారు. వాళ్లకి తోలుబూట్లు దిగాయి. ఆట నేర్పడానికి ఒక దొర దిగాడు. ఇంట్లో గుడ్డు పేరెత్తని షావుకారు తన పెరట్లోనే పొయ్యి వేయించి ఆటగాళ్లకి కోడిగుడ్లు ఉడకబెట్టించాడు. గోలు వలలు మాత్రం క్లబ్బు మైదానం చూసుకునే పైడన్న చేత అల్లించాడు. ఇంట్లోనే వలలల్లే నోలియా వాడుండగా వల కూడా కలకత్తా నుంచి ఎందుకన్నాడు. అంత ఖర్చులో క్లబ్బు ఆదా చేసింది అదొక్కటే.

ఇంతా చేస్తే జట్టు గెలిచిందా అంటే, ఆ ఊసు ఎత్తకపోవడమే మర్యాద. ఊరూరికీ ఓడుతూ వచ్చింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని బజారు నవ్వుకుంది. ఈ షీల్డులో మాత్రం ఎలాగో గట్టెక్కి ఇవాళ ఆఖరి ఆటకి వచ్చింది. ఎదురు జట్టు ఖల్లికోట స్టేషను కూలీలు. బూట్లు లేవు, దొర లేడు. ఇదీ ఒక ఆటేనా అని షావుకారు ముందే బాజావాళ్లని పిలిపించేశాడు.

పొద్దెక్కాక జగ్గమ్మ వచ్చింది. పైడన్న పెళ్లాం. చమఖండిలోనే ఉంటుంది. రోజూ రైల్లో చేపలగంప తెచ్చి బరంపురంలో అమ్ముకుని సాయంత్రం బండికి పోతుంది. మైదానం గ్యాలరీ మెట్ల కింద మొగుడి గది ముందు గంప దించి, చద్దన్నం మూట విప్పింది.

"దాలయ్య తెప్పకి మనిసి తక్కువైపోనాడు. నిన్ను రమ్మంతన్నాడు," అంది.

"నాన్రాను."

"ఎన్నాల్లిలాగ? సున్నం గీతలు గీసుకుంటా?"

"ఈ ఆట నెగ్గితే బతికినన్నాల్లూ ఈ గది నాదేనన్నారే సావుకారుగోరు."

"ఓడిపోతే?"

పైడన్న అన్నం కలుపుకున్నాడు. ఓడితే క్లబ్బు మూసేస్తానని కూడా షావుకారు అన్నాడు. మూసేస్తే గది పోతుంది. గది పోతే చమఖండే. కొడుకు సోములు తెప్ప మీద వెళ్లి తిరిగి రాని రోజు నుంచి పైడన్న సముద్రం మొహం చూడలేదు. చూడకుండా బతకడానికి లోకంలో అతనికి దొరికిన చోటు ఈ గ్యాలరీ కింది గది ఒక్కటే. ఇక్కడ పడుకుంటే అలల చప్పుడు వినపడదు. జగ్గమ్మకి అది తెలుసు. అందుకే మరి రెట్టించలేదు. గంప నెత్తికెత్తుకుని బజారుకి పోయింది.

ఆట మొదలవుతూనే జల్లు పడింది. బురదలో తోలుబూట్లు ఒక్కచోట నిలిస్తే ఒట్టు. కలకత్తా ఆటగాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. కూలీలు ఒట్టికాళ్లతో, బస్తాలు మోసే నడకతో, తొందర లేకుండా వాళ్లని దాటుకుపోయారు. పైడన్న క్లబ్బు గోలు వెనక గొంతుకూర్చుని ఉన్నాడు. మొదటి బంతి వచ్చి వలలో పడింది. వల పొట్ట ఉబ్బి, బరువుగా వెనక్కి సాగి, ఆగింది. ఒక్క ముడి జారలేదు. అతని చేతులు వాటంతటవే వల లాగడానికి లేచాయి. ఆ క్షణం ఎవరు ఓడిపోతున్నారో అతనికి గుర్తు లేదు. సంతోషం వేసింది. వెంటనే గుర్తొచ్చి చేతులు దించేసుకున్నాడు.

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారాయి. క్లబ్బు గోలుతోపాటు పైడన్న కూడా అవతలికి వెళ్లి కూర్చున్నాడు. ఆ వల కూడా నిండింది. ఖల్లికోట వాళ్లే నింపారు.

జనం పలచబడ్డాక క్లబ్బు సెక్రటరీ వెంకటరమణమూర్తి గొడుగు పట్టుకుని గోలు దగ్గరికి వచ్చాడు. వెనక ధర్మలింగం. వాయించని బాజావాళ్లు ఒక పక్కన నిలబడి ఉన్నారు. వేపరెమ్మ మూర్తి కంటపడింది.

"ఇదేటిరా పైడీ?"

"కొత్త వలకి మొక్కు బాబూ."

"ఎవరికి మొక్కేవు?" అన్నాడు ధర్మలింగం.

"గంగమ్మ తల్లికండి."

"ఏటని?"

"వల నిండాలనండి."

ఆ మాట బయటికొచ్చి తన చెవిన తానే విన్నాక గాని, చేసిన పనేమిటో పైడన్నకి తెలియలేదు. బాజావాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. ధర్మలింగం నవ్వలేదు, తిట్టలేదు. ఏడాది పొడుగునా బూట్లనీ, బురదనీ, రిఫరీనీ అంటూ తిరిగిన మనిషికి ఇప్పుడు నిక్కమైన కారణం దొరికింది. మొహం తేటపడింది కూడా.

"రెండు వలలకీ మొక్కేవా?"

"రెండిటికీ బాబూ." పైడన్న షావుకారు భుజం మీదుగా చూస్తూ, ఎవరూ అడగకుండానే అన్నాడు. "మా సోములు ఎల్లిన దినం కూడా మొక్కేనండి. ఆ దినవూ నిండిపోనాది. నలుగురం ఒడ్డుకి లాగితేగాని వల రానేదు. గుంటడే రానేదు."

 గొడుగు మీద వాన చప్పుడొక్కటే వినిపిస్తోంది. ధర్మలింగం కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదురా," అని మెల్లగా చెప్పి మూర్తి వైపు తిరిగాడు. "పై ఏడాది వలలు కూడా కలకత్తా నుంచే తెప్పించీ. ఆ సెంటర్ ఫార్వర్డుని మార్చీమని దొరతో సెప్పు."

క్లబ్బు మూసే మాట మరి రాలేదు. వాళ్లు బురద తప్పించుకుంటూ, పై ఏటి ఆటగాళ్ల పేర్లు అనుకుంటూ గుర్రబ్బండి దగ్గరికి నడిచారు.

పైడన్నకి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. వలలు విప్పి, దులిపి, మడిచి, ఎప్పటిలాగే సామాన్ల కొట్లో పెట్టాడు. బాధ ఎక్కడో ఉన్నట్టే ఉంది గాని, తిమ్మిరెక్కిన కాలిలాగ ముట్టుకుంటే తెలియడం లేదు. గదిలో తనదంటూ ఉన్నది ఒక దుప్పటి, ఒక చెంబు. మూట కట్టేసరికి జగ్గమ్మ ఖాళీ గంపతో వచ్చి గుమ్మంలో నిలబడింది. మూట చూసింది.  మూట అందుకుని గంపలో వేసుకుంది.

"దాలయ్య ఎప్పుడు ఎల్తాడు?" అన్నాడు పైడన్న.

"తెల్లారగట్ల."

"నానొస్తానని సెప్పు."

జగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది. ఇద్దరూ వానలో స్టేషను దారి పట్టారు. కొంతదూరం పోయాక ఆమె అతని కాళ్ల వంక చూసింది.

"సెప్పులు మర్సిపోనావు."

"ఇసకలో ఏటి సేసుకుంతాను?" అన్నాడు, ఆగకుండా.

ఊళ్లో ఉండిపోదామని వచ్చిన కొత్తలో బడా బజార్‌లో కొనుక్కున్న ఆ తోలుచెప్పులు, మడమల దగ్గర ఒక పక్కకి అరిగినవి, గ్యాలరీ కింద గుమ్మం ముందు ఊరి వైపు తిరిగి ఉండిపోయాయి.