స్విచ్చు మీద లేని వైరు

వెంకటేశప్ప పోయి ఏడాదైనా ఆయన కట్టిన తెరచాప పడవ కె.ఆర్.పురం షెడ్డులోనే ఉండిపోయింది. సముద్రం లేని ఊళ్లో పడవేమిటని ఏళ్ల తరబడి నవ్విన వీధి, ఆయన పోయాక దాని ఊసే ఎత్తడం మానేసింది. పోయేముందు ఆయన పడవను చెరిసగం రాసిచ్చాడు. సగం కూతురు భారతికి, సగం తమ్ముడు కృష్ణప్పకు. ఇద్దరూ కలిసి పూర్తిచేసి, లారీ మీద మల్పె రేవుకు తీసుకుపోయి నీళ్లలో దింపాలని ఆయన కోరిక.

కర్మ జరిగిన రోజునే ఆ కోరికకు నీళ్లొదిలారు. కృష్ణప్ప నలుగురి ముందూ, "పడవ పడవ అని మా యన్నను ఎగదోసింది ఈ పిల్లే. గుండె జబ్బు మనిషిని రేకుల కింద ఎండబెట్టి సంపింది" అన్నాడు. భారతి ఆయన మొహం చూడటం ఆ రోజుతో మానుకుంది. అలాగని తన సగం వదులుకోలేదు. ఆయనా వదులుకోలేదు. ఆమెకు ఫ్యాక్టరీ సెలవు కాబట్టి ఆదివారం ఆమెది, మిగతా రోజులు ఆయనవి. ఒకరున్నప్పుడు ఇంకొకరు షెడ్డు గడప తొక్కేవాళ్లు కాదు.

మిగిలింది కరెంటు పని. అది ఇద్దరికీ తెలిసిన పనే. ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆయన సరుకు ఓడల ఇంజను గదుల్లో జీవితం గడిపి వచ్చినవాడు. పడవలో రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజను స్టార్టు చేయడానికి, రెండోది దీపాలకూ, ఫ్యానుకూ, అడుగున ఊరే నీళ్లు తోడే పంపుకూ. వాటి మీద ఒక గుండ్రటి ఎర్ర స్విచ్చు. తిప్పితే మొదటి బ్యాటరీ, రెండోది, రెండూ కలిపి, లేదా ఏదీ లేకుండా. ఆ స్విచ్చు ఆపితే పడవలో ఎక్కడా కరెంటు ఉండకూడదన్నది భారతి పట్టు. ప్రతి వైరునూ ఆ స్విచ్చు దాటాకే లాగింది.

మరుసటి ఆదివారం వచ్చేసరికి పంపు వైరు మారిపోయి ఉంది. స్విచ్చుతో పని లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించి ఉంది. మధ్యలో ఆమె పెట్టిన ఫ్యూజు కూడా లేదు. ఆమె పళ్లు కొరుక్కుంటూ దాన్ని పీకేసి మళ్లీ స్విచ్చుకు కలిపింది. వారం తిరిగేసరికి మళ్లీ బ్యాటరీకే. ఎందుకు మార్చావని ఆమె అడగలేదు, ఇందుకు మార్చానని ఆయన చెప్పలేదు. వైరుతోనే తిట్టుకున్నారు.

ఆ ఆదివారం ఆమె వెళ్లేసరికి కృష్ణప్ప పడవలోనే ఉన్నాడు. కింది గదిలో మోకాళ్ల మీద కూర్చుని, నేలచెక్క ఎత్తి, పంపు వైరును ఇంజను పక్క నుంచి దూరుస్తున్నాడు.

"ఈ దినం నాది" అంది భారతి పైనుంచి.

"నువ్వు పీకుతానే ఉంటే నేనెప్పుడు సేసేది? ఈ పొద్దు నువ్వు సూస్తా ఉండంగానే ఏస్తా."

ఆమె మెట్లు దిగింది. "స్విచ్చు ఎందుకుండాది చిన్నాయనా? అలంకారానికా?"

"పడవ కట్టేసి స్విచ్చు ఆపి ఇంటికి పోతావు. ఆమీద నీళ్లు ఊరితే ఎవురు తోడేది? మీ నాయన లేసొస్తాడా?"

ఆ మాటకు ఆమె ఒళ్లు మండింది. అయినా ఆయన చెప్పింది నిజం. మనుషులు లేనప్పుడే పంపుకు పని ఎక్కువ. ఇన్ని వారాలుగా తనకా ఆలోచన రాలేదు. వచ్చినా ఆయన ముందు ఒప్పుకునేది కాదు.

"సరే, ఫ్యూజేది?" అంది.

"నీళ్లు నిండే టైములో ఫ్యూజు పోతే? నేను తిరిగిన ఓడలెన్నో నీకు తెలుసునా?" అంటూ ఆయన కోపంగా నేలచెక్కను దాని చోట్లోకి కాలితో తొక్కాడు.

చెక్క అంచు వైరు తొడుగును కోసి, దాన్ని ఇంజను ఇనుముకు నొక్కేసింది. కింద చిటపటమంది. సందుల్లోంచి పొగ లేచింది, రబ్బరు కాలిన కంపు గదంతా కమ్మింది. భారతి ఎగిరి ఎర్ర స్విచ్చు తిప్పి ఆపేసింది. పొగ ఆగలేదు.

"అది స్విచ్చు మీద లేదే" అన్నాడు కృష్ణప్ప. అంటూనే చెక్క ఎత్తి వైరును చేత్తో పట్టి లాగాడు. కరిగిన తొడుగు అరచేతికి అంటుకుంది. ఆయన వైరు వదిలి కూలబడ్డాడు. ఊడని వైరు ఎర్రగా కాగుతూ పక్కనున్న చెక్కను అంటించింది.

భారతి స్పానరు అందుకుని బ్యాటరీ మీదికి వంగింది. ప్లస్ వైపు వెళ్తే, స్పానరు మైనస్‌తో కలిసి ఉన్న ఇంజనుకు తగిలిన క్షణంలో ఇంకో మెరుపు. అందుకని మైనస్ తీగనే పట్టుకుంది. నట్టు రెండుసార్లు జారింది. మూడోసారి తిరిగింది. తీగ ఊడిన తర్వాత వైరు నల్లబడింది. తడిగోనె వేసి చెక్కను ఆర్పింది.

కారులో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, కె.ఆర్.పురం వేలాడే వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. కృష్ణప్ప తడిగుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"నీ మాట ఇనుంటే పడవ మునిగేది" అన్నాడు.

"నీ మాట ఇనుంటే కాలేది. ఇప్పుడు కాలినంత కాదు, మొత్తం" అంది ఆమె.

ఆసుపత్రికి వచ్చిన భార్య కమలమ్మతో ఆయన, పిల్ల పనితనం వల్లే చెయ్యి కాలిందని చెప్పాడు. భారతి ఆ గదిలోనే, అందరూ వినేలా, ఫ్యూజు ఎవరు పీకారో చెప్పింది. కమలమ్మ ఇద్దరినీ చూసి, "సుమ్మనే ఉండండప్పా, అరవద్దు, ఇది ఆసుపత్రి" అని బయటికి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం భారతి కొత్త వైరు తెచ్చింది. పంపును నేరుగా బ్యాటరీకే కలిపింది, కానీ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టింది. ఇంజను దగ్గర వైరును రబ్బరు గొట్టంలోంచి లాగింది. కట్టు కట్టిన చేత్తో కృష్ణప్ప వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె పొమ్మనలేదు.

"ఆ ఫ్యూజు చిన్నది. పంపు మొరాయిస్తే ఊరికే పోతాది."

"పంపు డబ్బా మీద ఎంత రాసుండాదో అంతే పెట్టినా. చదువుకో."

ఆయన లేచి, ఎడం చేత్తో డబ్బా తిప్పి చూశాడు. తర్వాత వంగి వైరును గట్టిగా లాగి చూశాడు. అది కదల్లేదు.

"మా యన్నను నువ్వే సంపినావు. ఆ మాట నేను ఎనక్కి తీసుకోను" అన్నాడు.

"నేను అడగలేదు" అంది భారతి. "ఆ దీపం ఇట్ల పట్టుకో. ఇంకో వైరు ఉండాది."

ఆయన పట్టుకున్నాడు.