తొక్కిన చోట గరిక

మా ఇంటి ముందు పచ్చిక చచ్చి రెండేళ్ళయింది. శవం మాత్రం అక్కడే ఉంది. దాని మీద పల్లేరు, తుంగ, వయ్యారిభామ కాపురం పెట్టి పిల్లాపాపలతో వర్ధిల్లుతున్నాయి. మా వైపు వాన చుట్టపుచూపుగా వస్తుంది. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోతుంది.

ఆ జాగా మాకూ, పక్కవాటాలో ఉండే మా మరిదికీ ఉమ్మడి. కారు పెట్టుకోవడానికి అతనికి సిమెంటు గచ్చు కావాలి. నాకు పచ్చిక కావాలి. నా వంటింటి కిటికీ అటే తెరుచుకుంటుంది. అక్కడ గచ్చు పడితే ఆ సెగకి నేను పొయ్యి వెలిగించక్కర్లేదు, నేనే ఉడికిపోతాను. చివరికి ఒప్పందం కుదిరింది: తొలకరి నాటికి సగం నేల పచ్చబడితే పచ్చిక, లేదంటే గచ్చు.

యుద్ధానికి దిగాను. పల్లేరును జుట్టు పట్టి ఈడ్చాను. వయ్యారిభామలకు పూత పూయకముందే మెడలు విరిచాను. తుంగను నరికితే ఒకటి పదవుతుంది కాబట్టి స్క్రూడ్రైవరుతో పొడిచి పొడిచి గడ్డతో సహా పెకలించాను. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, రక్తం కారింది.

"ఇంత కసి నా మీద కూడా ఎప్పుడూ చూపించలేదే!" అన్నారు మావారు.

"మీ వేళ్ళు ఇంత లోతుగా లేవు."

తర్వాత, ఎండకు ఓర్చేది గరికే కనక, తీగలు తెచ్చి వరసగా ముద్దుగా నాటాను. కూరలు కడిగిన నీళ్ళు దాచి దాచి పోశాను. కణుపులు కళ్ళు తెరిచిన రోజునే మరిది కారు తెచ్చి సరిగ్గా ఆ గరిక మీద ఆపాడు.

"తియ్యరా," అన్నారు మావారు.

"గడ్డే కదన్నయ్యా! ఎలాగూ చచ్చేదే."

మావారు బొద్దింక కనిపిస్తే చీపురు నా చేతికిచ్చి తలుపు చాటుకు వెళ్ళే మనిషి. ఆయనే గడ్డపార ఎత్తి కారు ముందద్దం భళ్ళున బద్దలుకొట్టారు. మరిది తలతో ఆయన కడుపులో కుమ్మాడు. ఇద్దరూ గరిక మీద పడ్డారు. ఒక్క గుద్దుకి మరిది ముందుపన్ను ఊడింది. అతను అన్నగారి చెవి కొరికాడు. మడమలు నేలను దున్నేస్తుంటే, గరిక తుంపులు తుంపులై మట్టిలో కలిసిపోయింది.

తోడికోడలు పరుగెత్తుకొచ్చింది. "అక్కా, చంపుకుంటున్నారు! ఆ బకెట్ నీళ్ళు కొట్టు!"

బకెట్ నా చేతిలోనే ఉంది. రోజంతా కూడబెట్టిన నీళ్ళు. మనసొప్పలేదు. ఈలోగా మావారి ముంజేయి ఎండుపుల్లలా ఫట్‌మని విరిగింది. ఆ చప్పుడుకి ఇద్దరూ బిత్తరపోయి ఆగారు.

తోడికోడలు వాళ్ళిద్దర్నీ పక్కపక్కనే కూలేసి, అద్దం లేని ఆ కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నేను గేటు వేసి, బకెట్ నీళ్ళు గరికకి పోశాను.

గరికకి ఒక గుణం ఉంది. ముక్కలు చేసి మట్టిలోకి తొక్కితే ప్రతి కణుపూ వేరు తొడుగుతుంది. అలా చెయ్యడానికి నాకు చేతులు రాలేదు. అన్నదమ్ములు చేసిపెట్టారు. మెట్ల దగ్గర్నుంచి గోడ దాకా, వాళ్ళు దొర్లిన మేరంతా పచ్చగా పాకింది.

తొలకరి పడగానే మరిది మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. అటూ ఇటూ నడిచి చూశాడు.

"సగానికి జానెడు తక్కువుంది వదినా," అన్నాడు. పన్ను లేక మాటతో పాటు ఈల కూడా వచ్చింది.

"ఆ జానెడుకి ఏం భాగ్యం? మీ అన్నయ్యని పిలవనా? చేతికట్టు నిన్ననే విప్పారు."

మరిది నాలుకతో చిగురు తడుముకుని, మేస్త్రీని వెళ్ళిపొమ్మన్నాడు.